తాయవ్వ దిష్టి తీసిన గోరింక

బీదర్‌లో కచేరీల వైపు నుంచి పాత ఊళ్ళోకి తిరిగే గల్లీలో తాయవ్వ రొట్టెల ఖానావళి ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. పొద్దున పదిన్నర దాటాక కాస్త చెవులు రిక్కిస్తే చాలు. జొన్నపిండి ముద్దను పీట మీద టపటపా కొట్టే చప్పుడు వస్తుంది, ఆ చప్పుడును మించి ఒక ఆడమనిషి ఎవరినో దులిపేస్తుంటుంది. ఆ దులిపేసే మనిషే తాయవ్వ. దుకాణానికి బోర్డు లేదు. పెట్టించమని కొడుకు ఎన్నిసార్లు చెప్పినా, నా నోరుండగా బోర్డెందుకురా అంటుంది.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మన్నాఏఖేళ్ళి దగ్గరి పల్లెలో పుట్టి, పద్దెనిమిదో ఏట కోడలిగా బీదర్ వచ్చింది. అత్త చంద్రవ్వ అప్పటికే ఇంటి ముందరి గదిలో రొట్టెలు చేసి అమ్మేది. కొత్త కోడలు చేసిన మొదటి రొట్టెను చంద్రవ్వ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఇది రొట్టెనా మహారాష్ట్ర పటమా అని అడిగిందట. తాయవ్వ ఆ మాటకు ఏడవలేదు. రెండో రొట్టె చేసి, ఇదేం పటమో చెప్పమంది. అత్తాకోడళ్ళకు ఆ రోజు నుంచి జత కుదిరింది. ఇరవై రెండేళ్ళ కిందట చంద్రవ్వ కన్నుమూశాక పొయ్యి తాయవ్వ చేతికొచ్చింది. లారీ నడిపే భర్త కాశప్ప కూడా జ్వరమొచ్చి పోయాడు. కొడుకు సంగమేశ్‌కు ఆటో ఉంది. కోడలు ప్రేమల పక్కన నిలబడి పుంటికూర, గుత్తొంకాయ, పల్లికారం చూసుకుంటుంది. రొట్టె మాత్రం తాయవ్వదే. వేళ్ళ మీద కాలిన మచ్చలు చూస్తే నమ్మరు గానీ, ఆమె అరచేతికి వేడి తగలదు. ఆ రొట్టె తినడానికి కచేరీ పనుల మీద వచ్చిన పల్లెటూరివాళ్ళు, బస్సు కండక్టర్లు, కాలేజీ పిల్లలు గోడ వారన వరుసకడతారు.

చంద్రవ్వ దగ్గర నుంచి రొట్టెతోపాటు ఇంకో అలవాటు కూడా సంక్రమించింది. పొయ్యి ముట్టించకముందే పిడికెడు జొన్నపిండిలో ఇంత బెల్లం నలిపి, వెనక వాకిట్లో గోడ మూలన ఉన్న గండుచీమల బొక్క దగ్గర పోయాలి. పిండి జల్లించేటప్పుడు చూసుకోకుండా ఎన్ని చీమలను నలిపేస్తామో, దానికి ఇది క్షమాపణ అని చంద్రవ్వ చెప్పేది. తాయవ్వ అంత దూరం ఆలోచించదు. అత్త పోసింది, తానూ పోస్తుంది. పోసేసి వెనక్కి తిరిగి చూడకుండా పొయ్యి దగ్గరికి పోతుంది, ఎందుకంటే చూస్తూ కూచోవడానికి ఆమెకు ఏనాడూ తీరిక లేదు.

పోయిన శ్రావణంలో ఒక రోజు మాత్రం చూసింది. రాత్రంతా వాన కురిసి, పొద్దున్నే ఎండ చుర్రుమంటోంది. నీళ్ళ బకెట్ కోసం వెనక్కి వచ్చిన తాయవ్వకు చీమల దగ్గర ఒక గోరింక కనిపించింది. అది నిలబడి లేదు, పడి లేదు. ఒక రెక్క విప్పి, మెడ వంకర తిప్పి, ముక్కు రెక్క కిందికి దూర్చి గిరగిరా తిరుగుతోంది. తోకను కాళ్ళ మధ్య నుంచి ముందుకు లాక్కుని, ఆ తోక మీదే కాలు వేసుకుని, వెల్లకిలా పడింది. లేచింది. కళ్ళు సగం మూసి, మళ్ళీ అదే వరస.

తాయవ్వ బకెట్ సంగతే మరిచిపోయింది. చిన్నప్పుడు ఊళ్ళో పూనకం వచ్చినవాళ్ళను చూసింది, అచ్చం ఇలాగే ఊగేవాళ్ళు. కానీ పిట్టకు పూనేంత తీరిక ఏ దేవుడికుంది. అప్పుడు గుర్తొచ్చింది. నిన్ననే గోడ మీద కూచున్న గోరింకను చూసి, ఎంత నిగనిగలాడుతున్నదే, పసుపు రాసుకున్న పెండ్లిపిల్ల లెక్క, అని తనే నోరారా మెచ్చుకుంది. ఇంకేముంది, తన దిష్టే తగిలింది.

చేసిన తప్పు దిద్దుకోవాలి కదా. లోపలికి పోయి గుప్పెడు రాళ్ళుప్పు, నాలుగు ఎండుమిరపకాయలు పట్టుకొచ్చి, ఆరడుగుల దూరంలో నిలబడి, పిట్ట ఎటు తిరిగితే అటు తిరుగుతూ చేయి తిప్పడం మొదలుపెట్టింది. "నా కండ్లు పాడుగాను, నా నోరు పడిపోను, నీకు మంచిగైతె చాలు," అని గొణుగుతోంది. గోరింక ఇంకోసారి దభీమని పడింది.

సరిగ్గా అప్పుడే చేయి కడుక్కోవడానికి ఖండప్ప వెనక వాకిట్లోకి వచ్చాడు. ఖండప్ప ఏదో కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇరవై ఏళ్ళుగా పొద్దుటి మొదటి రొట్టె ఆయనదే. చెడ్డవాడు ఎంతమాత్రం కాదు. కాకపోతే ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమైంది తాయవ్వా?" అన్నాడు, పిట్టనూ పిండినీ మిరపకాయలనూ ఎగాదిగా చూసి.

పిట్టకు దిష్టి తీస్తున్నానని చెప్పుకోవడానికి తాయవ్వకు సిగ్గేసింది. "ఏం గాలే. నువ్వు పోయి టీ తాగుపో," అంది కసురుకుంటూ.

అదే కొంప ముంచింది. నిజం చెప్పి ఉంటే ఖండప్ప కడుపుబ్బ నవ్వుకుని పోయేవాడు. చెప్పలేదు కాబట్టి, ఇందులో దాచాల్సిన సంగతి ఏదో ఉందని తేల్చుకున్నాడు. తాయవ్వ పోసిన పిండి, పక్కన కిందపడి కొట్టుకుంటున్న పిట్ట, చేతిలో మిరపకాయలు. ఆయన గుమాస్తా బుర్ర మూడింటినీ ఒకే ఫైలులో పెట్టేసింది. టీ దుకాణం చేరేసరికి మాట తయారైంది. తాయవ్వ పిండి తిని గోరింక పడి కొట్టుకుంటోంది, తాయవ్వ దాని మీద ఏదో తిప్పుతోంది.

మాట అక్కడ ఆగుతుందా. సాయంత్రానికి ఒక గోరింక ఐదయ్యాయి. మర్నాటికి ఏడు కాకులు, రెండు పావురాలు, ఒక పిల్లి కూడా చేరాయి. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలిసిన తీరు చెబితే మీరు నమ్మరు. బస్‌స్టాండ్ దగ్గర సంగమేశ్ ఆటో ఎక్కిన ఒక పెద్దమనిషి, ఎక్కడన్నా తిను గానీ ఆ గల్లీ రొట్టె మాత్రం తినకు తమ్మీ అని హితబోధ మొదలుపెట్టి, చచ్చిన పిట్టలను సంచిలో కట్టి కొడుకు ఆటోలో ఊరవతల పారేసి వస్తున్నాడట అని ముగించాడు. సంగమేశ్ ఆటో పక్కకు ఆపి, వెనక్కి తిరిగి, "ఏ ఆటో కాకా? ఇదేనా?" అని అడిగాడు. ఆ పెద్దమనిషి మిగతా దారి నడిచి వెళ్ళాడు.

ఖానావళి పలచబడింది. మొదటి రోజు సగం మంది రాలేదు. మూడో రోజు ముగ్గురే వచ్చారు. పశువైద్య కాలేజీలో చదివే శ్రద్ధ, బస్ కండక్టర్ భీమ్‌రావ్, ఆ పొద్దుటే ఊళ్ళో దిగి ఇంకా ఏ వార్తా అందని ఒక మందుల కంపెనీ మనిషి. గంపలో రొట్టెలు ఎండిపోయి అప్పడాల్లా విరుగుతున్నాయి. తాయవ్వ ఎవరినీ తిట్టడం లేదు. గల్లీ అంతటికీ అదే విచిత్రంగా ఉంది.

ఆమెకు దుఃఖం పొట్ట గడవదని కాదు. కొడుకు ఆటో ఉంది, ఎలాగో నెట్టుకొస్తారు. తన చేతి పిండి తిని ఒక ప్రాణి పోయిందని ఊరు నమ్మింది, అదీ ఆమె బాధ. ఒకడు నమ్మితే వాడి ఖర్మ అనుకోవచ్చు. నిన్నటిదాకా తన పీట ముందు కూచుని తిన్నవాళ్ళు, వాళ్ళ పిల్లలకు మూట కట్టించుకుపోయినవాళ్ళు, ఇంత తేలిగ్గా ఎట్లా నమ్మారు? అదే తలుచుకుంటూ ఆమె పిండి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూచునేది.

మూడో రోజు సాయంత్రం ప్రేమల ఒక పొట్లం తెచ్చి ముందు పెట్టింది. "అత్తమ్మా, నా మాటిను. చీమల మందు తెచ్చిన. పిండి ఏసుడు బంద్ జెయ్యి. చీమలు పోతె పిట్టలు రావు, పిట్టలు రాకుంటె మాట పోతది. నాల్గు దినాలల్ల అందరు మరిచిపోతరు."

"చీమలేం జేసినయే?"

"ఏం జెయ్యలే. మనమేం జేసినం మరి? మన ఇజ్జత్ పోతాంది గద."

మామూలుగానైతే తాయవ్వ పదిమాటలు అప్పజెప్పేది. కానీ కోడలు చెప్పిందాంట్లో ఒక్క మాటా తప్పు కాదు. పొట్లం తీసుకుని కొంగున ముడేసుకుంది.

మర్నాడు అలవాటు కొద్దీ చీమలకు పిండి పోసింది గానీ పొయ్యి ముట్టించలేదు. వచ్చేవాళ్ళు లేనప్పుడు తొందరేముంది. వెనక వాకిట్లో బకెట్ బోర్లించి దాని మీద కూచుని, పొట్లం చివర పళ్ళతో చింపబోయింది. గోడ మీద నుంచి గోరింక దిగింది. పాతదే, ఒక కంటి పక్క పసుపు కాస్త వెలిసి ఉంది. తాయవ్వ పొట్లం నోట్లో పెట్టుకునే ఆగిపోయింది. అలాగే కదలకుండా, ఇన్నేళ్ళలో మొదటిసారి, తీరిగ్గా చూసింది.

గోరింక పిండి మొహమే చూడలేదు. పిండి చుట్టూ తిరుగుతున్న గండుచీమల్లో ఒకదాన్ని ముక్కుతో పట్టింది. మింగలేదు. ఆ చీమను రెక్క కిందికి తీసుకుపోయి ఈకలకు అడ్డంగా రుద్దింది, మా ఊళ్ళో ఆడవాళ్ళు పాదాలకు పసుపు రుద్దుకున్నంత శ్రద్ధగా. ఆ చీమను పడేసి ఇంకోదాన్ని పట్టింది. తోక కింద రుద్దుకోబోయి, తోక తొక్కుకుని పడింది. తాయవ్వ లోపలే లెక్కపెట్టుకుంది, తొమ్మిది చీమలు. పని అయ్యాక ఒళ్ళంతా విదిలించుకుని, గోడెక్కి కూచుని, గల్లీ అదిరేలా అరవడం మొదలుపెట్టింది. రోగమొచ్చిన పిట్టకు ఇంత గొంతుంటుందా?

ముందు చిన్నగా నవ్వొచ్చింది. తర్వాత, ఈ పిట్ట ఒళ్ళు రుద్దుకుంటుంటే తను ఉప్పూ మిరపకాయలూ పట్టుకుని దాని చుట్టూ తిరిగిన సంగతి గుర్తొచ్చి, నవ్వు ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే బకెట్ మీద ఊగిపోతోంది. ప్రేమల పరుగెత్తుకొచ్చింది. నాలుగు రోజుల దిగులుకు అత్తకు మతి పోయిందని పాపం ఆ పిల్ల భయపడింది.

"ఈ పొట్లం దుకాణంల వాపస్ ఇచ్చి రా," అంది తాయవ్వ. "చీమలు మస్తు పనిల ఉన్నయి."

మధ్యాహ్నం శ్రద్ధ రొట్టెకు రాగానే ఆ పిల్ల చేయి పట్టుకుని వెనక్కి లాక్కుపోయింది. శ్రద్ధది కూడా మన్నాఏఖేళ్ళి వైపే, ఊరి వరస కలిపి పెద్దమ్మా అంటుంది. తాయవ్వ దిష్టితో సహా ఏమీ దాచకుండా చెప్పింది. శ్రద్ధ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది.

"పెద్దమ్మా, దానికేం రోగం లేదు. చీమ ఒంట్ల ఒక తీరు పులుపు ఉంటది, అది తగిలితెనే మనకు భగ్గుమంటది. గోరెంక చీమను నలిపి ఆ పులుపు ఈకలకు రాసుకుంటది. ఈకలల్ల పేలు ఉంటయి గద, అవి చస్తయని కొందరంటరు."

"మనం తలకు సీకాయ పెట్టుకున్నట్టు."

"అట్లనే. ఇంకొందరేమో, ఆ పులుపంత ఈకలకు తుడిచేస్తె చీమ తిననీకి మంచిగైతదని జేస్తదంటరు. ఈ వానకాలంల పాత ఈకలు ఊడి కొత్తయి మొలుస్తయి, ఆ దురదకు జర హాయిగుంటదని ఇంకొందరు."

"మూడింట్ల ఏది నిజం?"

"ఎవ్వరికి పూర తెల్వదు పెద్దమ్మా. ఇంక జూస్తనే ఉన్నరు."

తాయవ్వ ఆశ్చర్యపోయింది. "అంతంత చదువుకున్నోళ్ళకే తెల్వదా?"

"తెల్వదు."

"మరి ఖండప్పకెట్ల తెలిసిందే?"

ఆ మాట అనేసి, కొంగు నడుముకు దోపుకుని, సరాసరి టీ దుకాణానికి బయల్దేరింది. ఆమె రావడం చూసి బెంచీ మీదవాళ్ళు జరిగి దారిచ్చారు. ఇవాళ ఖండప్ప పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు, ఖండప్పతో సహా.

"ఖండప్పన్నా, నువ్వు జూసింది సగమే," అంది తాయవ్వ, చాలా నెమ్మదిగా. "తక్కిన సగం రేపు పదిన్నరకు జూపిస్త. ఎందరికి జెప్పినవో అందరిని తోల్కరా."

"నేనేమన్న తాయవ్వా..." అని ఆయన నీళ్ళు నమిలాడు.

"నువ్వేమన్నవో నా కొడుకు ఆటోల గూసున్నోడు జెప్పిండు. జూడకుంట ఇంత బాగ జెప్పినవు, జూసినంక ఇంకెంత మంచిగ జెప్తవో. రా."

తిట్టి ఉంటే ఖండప్ప ఇంటికి పోయి పడుకునేవాడు. తిట్టలేదు కాబట్టి రాత్రి నిద్రపట్టలేదట. తెల్లారి ముప్పైమందిని వెంటబెట్టుకొచ్చాడు. బెంచీలు మోసుకొచ్చి వెనక వాకిట్లో వేశారు. పిండీ బెల్లం పోశారు, చీమలు బారులు తీరాయి. గోరింకలు మాత్రం గోడ దాటి రాలేదు. ఎట్లా వస్తాయి? ముప్పైమంది దగ్గుతున్నారు, తుమ్ముతున్నారు, ఖండప్ప అందరికీ ఎక్కడ కూచోవాలో చెబుతున్నాడు. పావుగంట గడిచింది. పిట్టలు చచ్చినయి, ఎక్కడి నుంచి వస్తయి, అని వెనక ఎవరో సణిగారు. తాయవ్వ పొయ్యి దగ్గర నుంచే మెడ సాచి గోడ వైపు చూసింది.

"పెద్దమ్మా, అవి నిన్నే గుర్తువడతయి," అంది శ్రద్ధ. "పొయ్యి కాడ నుంచి ఇటు రా. చీమల ముందర కూసో. లేవకు, కదలకు."

"రొట్టెలెవరు జేస్తరు?"

"నేను జేస్త," అంది లోపల నుంచి ప్రేమల. ఆ ఇంట్లో అత్త ఉండగా పీట ముందు కోడలు కూచోవడం అదే మొదలు.

తాయవ్వ ముందు వరుసలో, ఖండప్ప పక్కన కూచుంది. వెనక్కి తిరిగి ముప్పైమందినీ ఒక్క చూపు చూసింది. "నోరు తెర్చినోనికి నా ఖానావళిల రొట్టె లేదు," అంది. ఖండప్ప తన మీద తనకు నమ్మకం లేక కండువా కొస నోట్లో కుక్కుకున్నాడు.

వాకిలి నిశ్శబ్దమైంది. కంటి పక్క పసుపు వెలిసిన గోరింక గోడ మీద వాలి, తల అటూ ఇటూ తిప్పి, తాయవ్వను చూసి, కిందికి దిగింది. చీమను పట్టింది. రెక్క ఎత్తింది. రుద్దింది. తోక తొక్కుకుని వెల్లకిలా పడింది. భీమ్‌రావ్ భుజాలు కదిలిపోతున్నాయి, కానీ చప్పుడు లేదు. రెండోది దిగింది. అది పడుతూ లేస్తూ మొదటి దాని మీద పడింది, రెండూ కాసేపు పోట్లాడుకుని, మళ్ళీ ఎవరి చీమను అవి పట్టుకున్నాయి. ముప్పైమంది మొహాలూ నవ్వు బిగబట్టి ఎర్రబడ్డాయి. మొదటి గోరింక ఒళ్ళు దులుపుకుని గోడెక్కి, ముప్పైమందీ కలిసి అరిచినా రానంత గట్టిగా అరిచింది.

ఖండప్ప నోట్లోంచి కండువా తీశాడు. తాయవ్వ వైపు వంగి, గుసగుసగా, "తప్పైంది. సగం జూసి నోరువారేసుకున్న. పిండి మంచిదే," అన్నాడు. ఆమె కళ్ళతోనే వెనక్కి చూపింది. ఆయనకు అర్థమైంది. వెనకవాడి చెవిలో అదే మాట చెప్పాడు. వాడు పక్కవాడికి. అట్లా గుసగుస బెంచీ నుంచి బెంచీకి పాకింది. పాకుతూ పాకుతూ పెరిగింది కూడా, బీదర్ గాలి గుణం అనుకుంటాను. చివరి వరసకు చేరేసరికి, తాయవ్వ పిండి మీద తిరిగిన చీమలకు మందు గుణం ఉందట, పిట్టలు బసవకళ్యాణ్ నుంచి వస్తున్నాయట అని తేలింది. శ్రద్ధ తల పట్టుకుంది. తాయవ్వ మాత్రం దిద్దలేదు. ఇన్ని రోజులు ఆమె మీద పెరిగిన మాట, ఇవాళ ఆమె పక్షాన పెరిగితే తప్పేముంది.

లోపల నుంచి కాలుతున్న జొన్నరొట్టె వాసన వచ్చింది. ముప్పైమందికీ ఆకలి గుర్తొచ్చింది. లేస్తే పిట్టలు పోతాయి, కూచుంటే కడుపు మాడుతుంది. ఎవరో వేళ్ళతో రెండు అని చూపారు. ఇంకొకరు మూడన్నారు. ప్రేమల పళ్ళేలు పట్టుకుని పిల్లిలా అడుగులేస్తూ వరుసలోకి వచ్చింది. పెనం మీద నుంచి తీసిన రొట్టె తీసినట్టే, ఒక్కొక్కరి ఒళ్ళో పెడుతూ పోయింది. ముందు వరుస కొసకు వచ్చి, తాయవ్వ ఒళ్ళో కూడా ఒక పళ్ళెం పెట్టింది.

తాయవ్వ వద్దనబోయింది. కానీ మూడో గోరింక అప్పుడే ఆమె కాలి దగ్గర వాలింది. కదలడానికి లేదు.

పొయ్యి తన చేతికొచ్చిన ఇరవై రెండేళ్ళలో ఆమె అన్నం వేళ మధ్యాహ్నం మూడున్నర. అందరూ తిని పోయాక, గంప అడుగున మిగిలిన చల్లారిన రొట్టె, గిన్నె గీకిన కూర. వేడి రొట్టె వేయించుకుని కూచుందామన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు రొట్టె అంచు తుంపితే ఆవిరి వేళ్ళ మీదికొచ్చింది. పుంటికూరలో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. ఇంకో ముక్క తుంపింది.

"అన్నా," అంది గుసగుసగా, ఖండప్ప వైపు తిరగకుండానే, "మన రొట్టె వేడి మీద ఇంత మంచిగుంటదా?"

"ఇరవై ఏండ్ల సంది జెప్తనే ఉన్న," అన్నాడు ఖండప్ప, ఆమె కంటే మెల్లగా. "నా మాట నువ్వెన్నడు నమ్మినవు?"

తాయవ్వ కళ్ళు నిండాయి. తుడుచుకుంటే గోరింక ఎగిరిపోతుందని, వాటిని అలాగే కారనిచ్చి, తింటూ కూచుంది.